గడ్డిలో మాగేసిన ప్లమ్ కాయలు

మా ఇంటి వెనక ఉన్న ప్లమ్ చెట్టు మాది కాదు. ఇల్లు మా పేరు మీదే ఉంది, గడ్డి కోసేది మా ఆయన, రాలిన ఆకులు ఊడ్చేది నేను. అయినా ఆ చెట్టు ఇప్పటికీ దాన్ని నాటిన పెద్దాయనదే అని నేననుకుంటాను. ఎందుకలా అనుకుంటానో చెప్పాలంటే ఒక వేసవిలో నేను చేసిన ఘనకార్యం మొత్తం బయటపెట్టాలి. పెడతాను. మా చర్చిలో సగం మందికి అది ఎలాగూ తెలుసు.

నేను నర్సుని. ఈ దేశం వచ్చాక షాంటిలీ అనే ఊళ్ళో పదిహేనేళ్ళపాటు టౌన్‌హౌస్‌లో ఉన్నాం. అక్కడ నా వ్యవసాయమంతా డెక్ మీద కుండీల్లోనే. నాలుగు కనకాంబరాలు, ఒక మల్లె, ఎప్పుడు చూసినా అలిగినట్టుండే ఒక గులాబీ. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక మా స్నేహితులంతా చిన్న ఇళ్ళకు మారుతుంటే, నేను మాత్రం పెద్ద పెరడున్న ఇల్లే కావాలని పట్టుబట్టాను. మా ఆయనది ఐటీ ఉద్యోగం. ఆయన దృష్టిలో చెట్టంటే కారు నిలుపుకునే నీడ. అయినా నేను పట్టిన పట్టు వదలనని తెలుసు గనక వారం వారం నాతో ఇళ్ళు చూడటానికి వచ్చాడు.

ఈ ఇంట్లో వంటగది చూడగానే ఆయన మొహం మాడ్చుకున్నాడు. అల్మారాలు మా పెళ్ళికంటే పాతవి. నేను అప్పటికే వెనక తలుపు తీసుకుని పెరట్లో ఉన్నాను. కంచె పొడవునా పియోనీ పూల దుబ్బులు, వాటి ముందు గులాబీలు. ఓ మూల పెద్ద బ్లాక్ వాల్‌నట్ చెట్టు, దాని కింద గడ్డి తప్ప ఇంకేం మొలవదని తర్వాత తెలిసింది. మధ్యలో, గొడుగు విప్పినట్టు, ప్లమ్ చెట్టు. ప్రతి చెట్టుకీ తీగతో కట్టిన చిన్న అల్యూమినియం రేకు. రేకు మీద ఎప్పుడు నాటిందీ, ఏ ఏడు ఏ కొమ్మ తీసేసిందీ గుండ్రటి అక్షరాలతో గీసి ఉంది. ఇంత శ్రద్ధగల మనిషి పెంచిన తోటని ఇంకెవరికో వదిలేసి వెళ్ళడం నావల్ల కాలేదు.

"కిచెన్ రీమోడల్ చేయించుకోవచ్చు. ఈ చెట్టుని రీమోడల్ చేయించగలరా మీరు?" అన్నాను మా ఆయనతో.

"నువ్వు ఆల్రెడీ డిసైడ్ అయిపోయావుగా, నన్నెందుకు అడగడం!" అన్నాడు.

తాళాలు ఇచ్చిన రోజు మాకు ఇల్లమ్మిన పెద్దావిడ వచ్చింది. సన్నగా, కర్ర సాయంతో నడిచే మనిషి. ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషే గానీ నా జ్ఞాపకంలో ఆ మాటలు తెలుగులోనే ఉండిపోయాయి. బాయిలర్ గురించీ పైపుల గురించీ మా ఆయనకు చెప్పడం ముగించి, నా చెయ్యి పట్టుకుని ప్లమ్ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇది మా ఆయన నాటిన చెట్టు. రిటైరయ్యేదాకా ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాడు. ఇంటికి రాగానే యూనిఫాం కూడా విప్పకుండా ముందు ఇక్కడికే వచ్చేవాడు" అంది. ఆయన ఇప్పుడు పది నిమిషాల దూరంలో ఉన్న వృద్ధుల హోమ్‌లో, జ్ఞాపకం పోయినవాళ్ళ విభాగంలో ఉన్నాడట. ఆవిడ కూడా అదే భవనంలో పైఅంతస్తులో గది తీసుకుంది. "నన్ను గుర్తుపట్టడం మానేసి ఏడాది దాటింది. నర్సులు వచ్చి వెళ్ళినట్టే నేనూ వచ్చి వెళతాననుకుంటాడు. మాటలు కూడా దాదాపు ఆగిపోయాయి. నిన్ను ఒక్కటే అడుగుతాను హనీ. జులైలో పళ్ళు పండినప్పుడు నాలుగు తెచ్చిపెట్టు. ఈ చెట్టు పండు ఆయన చేతిలో పెట్టి చూడాలని ఉంది."

ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో ఇలాంటి రోగుల్ని చూస్తున్నాను. ఒక వాసనో, ఒక రుచో తగిలి కళ్ళలో వెలుగొచ్చినవాళ్ళున్నారు. ఏది తగిలినా రానివాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. "నాలుగేమిటండీ, బుట్ట నిండా తెస్తాను" అని మాటిచ్చేశాను. మాటివ్వడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఆ శీతాకాలమంతా నేను కిటికీలోంచి ఆ చెట్టుకి కాపలా కాశాను. మార్చి చివర్లో తెల్లగా, ఒక్క ఆకు కూడా లేకుండా, ఒంటినిండా పూసింది. డ్యూటీకి ఆలస్యమైనా సరే పొద్దున్నే కాఫీ పట్టుకుని దాని కింద నిలబడేదాన్ని. అంత సుఖంగా నేను కాఫీ తాగింది నా జన్మలో అప్పుడే. పెద్దావిడ ఫోన్ చేసేది. "పూసిందా?" అని ఒకసారి. ఒక రాత్రి మంచు పడితే మర్నాడు "పూత మిగిలిందా?" అని ఇంకోసారి. మే నెలలో "పిందె నిలిచిందా?" అని. నిలిచిందనీ, కొమ్మకి వరసగా కాసిందనీ చెప్పాను. "ఆయనకి చెబుతాను. వినకపోయినా చెబుతాను" అంది.

అంతా బాగానే జరుగుతున్న సమయంలో ఉడతలు దిగాయి.

మన ఊళ్ళో ఉడత పిడికెడుంటుంది, వీపు మీద చారలతో చూస్తే ముద్దొస్తుంది. ఇక్కడి ఉడత పిల్లిపిల్లంత ఉంటుంది, చూస్తే ఒళ్ళు మండుతుంది. తింటే తిననీ అనుకోవచ్చు. తినదు. కాయ తెంపి, ఒక్క కొరుకు కొరికి, పులుపు తగలగానే విసిరేసి, ఇంకో కాయ తెంపుతుంది. అది కూడా పుల్లగానే ఉంటుందన్న ఇంగితం ఉండదు. జూన్ రెండోవారానికి చెట్టు కింద సగం కొరికిన పచ్చికాయలు కాలు పెట్టడానికి వీల్లేకుండా పరుచుకున్నాయి. పాత సీడీలు వేలాడదీశాను. గుంటూరు నుంచి తెచ్చుకున్న కారం నీళ్ళలో కలిపి కొమ్మలకి కొట్టాను. దానివల్ల నా కళ్ళు మండాయి తప్ప వాటికేం కాలేదు. గిన్నె మీద గరిటెతో కొడుతూ చెట్టు చుట్టూ తిరుగుతుంటే పక్కింటివాళ్ళు కంచె మీదుగా చూసి లోపలికి వెళ్ళిపోయారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒక శనివారం పొద్దున ఒక ఉడత నా కళ్ళలోకి చూస్తూ కాయ కొరికి నా కాళ్ళ దగ్గర పడేసింది. ఇక ఆగలేదు. మీకు దక్కనిస్తానా అనుకుని నిచ్చెన తీశాను.

కోపంతోనే కోశాను గానీ, తెలివి కూడా ఉందనే అనుకున్నాను. మా నాన్న నూజివీడు దగ్గర మామిడితోటల కాపు కొని అమ్మేవాడు. నా చిన్నతనం సగం తోటల్లో కాయలు ఏరడంతోనే గడిచింది. మామిడికాయని చెట్టు మీద పండనిచ్చేవాళ్ళు ఎవరుంటారు? టెంక ముదిరి, ముచ్చిక దగ్గర భుజాలు నిండాక, పచ్చిగా ఉండగానే గెడకి వల కట్టిన చిక్కంతో కోసి, గడ్డిలో పేర్చి మాగేస్తారు. పండేది గడ్డిలోనే. అందుకని శాస్త్రప్రకారం ఒక ప్లమ్ కాయ కోసి చూశాను. కత్తి టెంకకి తగిలి ఠక్కున ఆగింది. టెంక ముదిరిందంటే కాయ తయారైనట్టే.

మా ఆయన నిచ్చెన పట్టుకున్నాడు గానీ నసగడం మానలేదు. "అవి మామిడికాయలు కావేమోనే. ఒకసారి ఆన్‌లైన్‌లో చెక్ చేయొచ్చుగా?"

"మామిడితోటల మనిషి కూతురికి మీరు కాయ కోయడం నేర్పుతారా? నిచ్చెన గట్టిగా పట్టుకోండి చాలు" అన్నాను.

మామిడికాయ తెంపితే ముచ్చిక దగ్గర సొన చిమ్ముతుంది. వీటికి సొన రాలేదు. అది కూడా చూశాను. శుభ్రంగా ఉన్నాయిలే అనుకున్నాను తప్ప, ఇది వేరే జాతి చెట్టు, దీని పద్ధతి వేరేగా ఉండొచ్చని ఒక్క క్షణం తోచలేదు. మధ్యాహ్నానికల్లా చెట్టు బోడిగా అయింది. చిన్నవి, దెబ్బతిన్నవి పక్కన పెట్టాను. కొన్ని పప్పులోకి వెళ్ళాయి, మిగతావి ముక్కలు కోసి ఆవపిండి పట్టించాను. మచ్చలేని కాయలన్నీ మాగేయడానికి.

తోటసామాన్ల కొట్టులో గడ్డిమోపు దొరికింది. వరిగడ్డి కాదు, గోధుమగడ్డి. గడ్డి గడ్డే కదా. గరాజ్‌లో ఒక పక్క కారు బయటపెట్టి, కింద గడ్డి పరిచి, కాయల వరస, మీద గడ్డి, మళ్ళీ కాయల వరస. సాయం పట్టడానికి మా పాస్టరమ్మగారు వచ్చారు. ఆవిడది ఏలూరు పక్క. గడ్డివాసన తగలగానే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఎన్నేళ్ళయింది సిస్టర్ ఈ వాసన చూసి! ఎనిమిదో రోజు దాకా కదపకు. నడిమధ్యలో తీస్తే వేడి పోద్ది" అన్నారు. ఇవి ఎవరికోసమో చెప్పాను. ఆవిడ కుప్ప మీద చెయ్యి పెట్టి, ఆ పెద్దాయన కోసం ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. అంత పకడ్బందీగా చేశాం.

పెద్దావిడకి ఫోన్ చేసి, అనుకున్నదానికంటే ముందే పళ్ళు తెస్తున్నానని చెప్పాను. "అంత త్వరగానా?" అంది. "మా పద్ధతొకటుందండీ" అన్నాను గర్వంగా.

మామిడికాయలు మాగుతుంటే ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. ఐదో రోజు, ఆరో రోజు గరాజ్‌లోకి వెళ్ళి నిలబడ్డాను. గడ్డివాసన తప్ప ఏమీ లేదు. ఏడో రోజు కాస్త బూజువాసన. ఎనిమిదో రోజు పొద్దున మీది గడ్డి తీశాను. కాయలు ఎండబెట్టిన ఉసిరికాయల్లా ముడతలు పడి ఉన్నాయి. కొన్నిటికి మట్టిరంగు వచ్చింది, కొన్ని పచ్చగానే కుంచించుకుపోయాయి. ఒకటి కొరికి చూశాను. పులుపూ లేదు, తీపీ లేదు, చెక్క నమిలినట్టుంది. కింది వరసలు తీసినకొద్దీ అంతే. గరాజ్ నేల మీద గడ్డిలో కూర్చుని ఏడ్చాను. కాయలు పోయినందుకు కాదు. ఒక మనిషి ఏడాదంతా ఎదురుచూసిన రోజుని నా చేతులతో నేనే పాడుచేసినందుకు.

మా ఆయన వచ్చి పక్కనే కూర్చున్నాడు. 'నేను ముందే చెప్పానా' అని అనలేదు. ఆ ఒక్క కారణం చేత ఆయన్ని ఇంకో ముప్ఫై ఏళ్ళు భరించవచ్చు. "ఫార్మర్స్ మార్కెట్‌లో మంచి ప్లమ్స్ వచ్చాయి. సౌత్ నుంచి తెస్తున్నారంట. అవి తీసుకెళ్ళు. ఆవిడకి తేడా తెలీదు. ఆయనకి అసలు తెలీదు. పెద్దవాళ్ళని డిసప్పాయింట్ చేయడం ఎందుకు?" అన్నాడు.

ఆసుపత్రిలో మేం ఒక మందు బదులు ఇంకో మందు ఇస్తే, రోగికి ఏం కాకపోయినా సరే, వెళ్ళి చెప్పాలి. కొత్తగా చేరిన నర్సులకి అది నేర్పేదాన్ని నేనే. అయినా ఆ శనివారం ఒక గాజుగిన్నెలో నిగనిగలాడే మార్కెట్ పళ్ళు పేర్చుకున్నాను. ఒక ప్లాస్టిక్ సంచిలో గడ్డిలోంచి తీసిన కాయలు కాసిని, తక్కువ ముడతలున్నవి, వేసుకున్నాను. ఏవి ఇస్తానో దారి పొడవునా తేల్చుకోలేకపోయాను.

పెద్దావిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. పెదాలకి రంగు వేసుకుంది, ఇస్త్రీ చేసిన గౌను. పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పొడవాటి మనిషి, పెద్ద పెద్ద చేతులు. ఆ చేతులు చూడగానే రేకుల మీద గుండ్రటి అక్షరాలు గుర్తొచ్చాయి. ఆవిడ ఆయన ఒళ్ళో పేపర్ నాప్కిన్ పరిచి, నా వైపు తిరిగి చేయి చాచింది. ఆ మొహం చూశాక సంచి వెనక్కి పెట్టుకున్నాను. గిన్నె ఇచ్చేశాను.

ఆవిడ అన్నిటికంటే ఎర్రటి పండు ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. "మన చెట్టుది. మన పెరట్లో కాసింది" అంది. ఆయన దాన్ని పట్టుకున్నాడు. కాసేపటికి తీసి బల్ల మీద పెట్టేశాడు. ఆవిడ ముక్క కోసి నోటికందించింది. నమిలాడు, మింగాడు, కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ ఇంకో ముక్క పెట్టింది. అంతే.

ఆవిడ కత్తి తుడిచి పక్కన పెట్టింది. "ఫర్వాలేదు హనీ. డాక్టరు ముందే చెప్పాడు, నేనే వినలేదు. మన చెట్టు పండుతో కూడా కాలేదంటే ఇంక దేనితోనూ కాదు. ఇక ఆయన్ని విసిగించను" అంది. గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు ఇంకా భయమేసింది.

నేను చేస్తున్న పనేమిటో అప్పుడు అర్థమైంది. ఎక్కడిదో ఒక పండు తెచ్చి, ఆవిడకి మిగిలిన చివరి ఆశని దానితో ఆర్పేస్తున్నాను.

"అవి మీ చెట్టువి కావండీ" అన్నాను. ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. ఉడతలు, నిచ్చెన, మామిడికాయలు, గడ్డి, మార్కెట్. చెబుతూ సంచిలోంచి కాయలు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటి వైపు చూసింది, నా వైపు చూసింది. కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది ఆ చూపులో. "అన్నీ కోసేశావా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. నా వయసులో అంత సిగ్గు పడటం అదే మొదటిసారి.

మేమిద్దరం అలా ఉండగా పెద్దాయన చెయ్యి బల్ల మీదికి వచ్చింది. మంచి పళ్ళ గిన్నె పక్కనే ఉంది. దాన్ని దాటుకుని వెళ్ళి ఒక ముడతల కాయ తీసుకుంది. బొటనవేలితో దాన్ని నెమ్మదిగా రుద్దాడు. తొడిమ ఊడిన చోట గోరుతో గుచ్చాడు. వాసన చూశాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఎవరు కోశారు దీన్ని?"

గొంతు బొంగురుగా, తుప్పుపట్టినట్టు ఉంది గానీ పెద్దగానే ఉంది. పెద్దావిడ కుర్చీ చేయి పట్టుకుంది.

"ఇంకా నెల ఉంది దీనికి. నెల! కళ్ళు లేవా?" అని, ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చూపు ఆవిడ దగ్గర ఆగింది. "మళ్ళీ మీ తమ్ముడేనా? ఉప్పు తెచ్చుకుని మరీ వస్తాడు వెధవ. చెప్పు వాడికి, ఈసారి కనబడితే కాళ్ళు విరగ్గొడతానని."

ఆ తమ్ముడు పోయి చాలా ఏళ్ళయిందని తర్వాత ఆవిడే చెప్పింది. అప్పుడు మాత్రం, "వాడు కాదు. ఈ అమ్మాయి" అంది. నవ్వుతోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. నన్ను ఎవరైనా ఒక మాటంటే నేను రెండు అంటాను. మా ఆయనతో సహా అందరికీ తెలిసిన సంగతే. ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడి పూర్తిగా తిట్లు తిన్నాను. చెయ్యి కింద పెడితే చేతిలోకి వచ్చేది పండనీ, లాగితే వచ్చేది పండు కాదనీ, ఉడతలకి వాటా వదిలెయ్యాలనీ, అవి ఎంత తిన్నా నీలాంటి మనిషి చేసినంత నష్టం చెయ్యవనీ అన్నాడు. ప్రతిదానికీ "తప్పయిందండీ" అన్నాను. ఇంకా తిడితే బాగుండునని మనసులో ప్రార్థన చేసుకున్నాను. ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన తిడుతూనే, చూడకుండానే, ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. పాత అలవాటులా ఉంది.

ఎంతసేపని చెప్పను, ఐదు నిమిషాలుండొచ్చు. తర్వాత మాటలు సన్నబడ్డాయి. వాక్యం మధ్యలో ఆగి, కిటికీ వైపు తిరిగాడు. కాయ మాత్రం పిడికిట్లో ఉంది. ఆవిడ తన చెయ్యి తియ్యలేదు. ఆయన కూడా తియ్యలేదు. నేను గిన్నె సర్దుకోబోతే ఉంచమంది, వార్డులో అందరికీ పంచుతానంది. బయల్దేరుతుంటే కూర్చున్నచోటి నుంచే పిలిచింది.

"వచ్చే ఏడు కూడా జూన్‌లోనే రా. పచ్చివి రెండు తీసుకురా, చాలు. మిగతావి చెట్టు మీదే ఉంచు హనీ, లేకపోతే ఆయన ఊరుకోడు."